కిలోమీటర్ల నుంచి పార్సెక్‌ల దాకా: నక్షత్ర దూరాల పట్టిక తయారుచేసిన అనుభవం

ఒడిశాలోని బ్రహ్మపురంలో మేముండే పేటలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చలికాలపు రాత్రులలో వారిని మేడమీదకు తీసుకువెళ్ళి నక్షత్రాలు చూపించినప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘అది ఎంత దూరంలో ఉంది?’ అన్నదే. ఆ ప్రశ్నకు సరైన సమాధానం గోడమీద ఎప్పుడూ కనబడుతూ ఉండాలన్న ఉద్దేశంతో, చంద్రుడి నుంచి ఆండ్రోమెడా గెలాక్సీ వరకు కొన్నింటి దూరాలను కిలోమీటర్లలో, ఖగోళ ప్రమాణాలలో (ఒకటి అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం), కాంతి సంవత్సరాలలో (ఒకటి అంటే కాంతి ఏడాదిలో పోయే దూరం), తర్వాత వివరించబోయే పార్సెక్‌లలో చూపించే ఒక పెద్ద పట్టికను నేనూ, లెక్కలు బోధించే ఒక ఒడియా మాస్టారూ కలిసి తయారుచేశాము. దూరాన్ని ఒక ప్రమాణం నుంచి మరొక ప్రమాణంలోకి మార్చే ఈ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ జాగ్రత్త అవసరమైందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మాకు అందుబాటులో ఉన్న పుస్తకాల నుంచి, పత్రికల నుంచి సంఖ్యలు సేకరించాము. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దూరం ఒక పుస్తకంలో 25 ట్రిలియన్ మైళ్ళు అని ఉంది, ఇంకొక దానిలో 4.2 కాంతి సంవత్సరాలు అని ఉంది, మూడవ దానిలో 1.3 పార్సెక్‌లు అని, నాలుగవ దానిలో సుమారు 2,68,000 ఖగోళ ప్రమాణాలు అని ఉంది. నాలుగూ ఒకే దూరమని చదివేవారికి ఏ పుస్తకమూ చెప్పదు. పైగా మిలియన్లు, బిలియన్లు మన లెక్కలోకి వచ్చేటప్పుడు జరిగే నష్టం ఇంకొకటి ఉంది. మా చేతికి వచ్చిన ఒక పాత గోడపటంలో బిలియన్ ఉన్న చోటల్లా కోటి అని రాసి ఉండడంతో ఆ దూరాలన్నీ నూరో వంతుకు పడిపోయాయి. అందువల్ల మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు అని నోటు పుస్తకం మొదటి పేజీలోనే రాసుకుని పని ఆరంభించాము.

తీరా మొదలుపెట్టిన తర్వాత, ఈ లెక్కలకు మన లక్షలూ కోట్లే ఎక్కువ అనుకూలమని తెలిసింది. కాంతి సెకనుకు సరిగ్గా 2,99,792.458 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. 1983లో మీటరును ఈ వేగం ఆధారంగానే నిర్వచించారు కనుక ఈ సంఖ్యలో ఇక సందేహానికి చోటు లేదు. ఖగోళ శాస్త్రజ్ఞులు కాంతి సంవత్సరానికి తీసుకునే ఏడాది 365.25 రోజులు, అంటే 3,15,57,600 సెకన్లు. ఇప్పుడు 2.99792458 లక్షలను 3.15576 కోట్లతో గుణిస్తే 9.4607 లక్షల కోట్లు వస్తుంది. లక్షను కోటితో గుణిస్తే లక్ష కోట్లే కాబట్టి సున్నాలు లెక్కపెట్టే పనే లేదు. అంగట్లో వాడే 12 అంకెల కాలిక్యులేటరులో పట్టని ఈ గుణకారం కాగితం మీద నాలుగు వరసల్లో ముగిసింది. ఒడియాలోనూ లక్ష, కోటి లెక్కే గనుక మా ఒడియా మాస్టారు కూడా అదే పద్ధతిలో చేసి సరిచూశారు.

కొన్ని పుస్తకాలలో కాంతి సంవత్సరం 9.454 లక్షల కోట్ల కిలోమీటర్లని కనబడుతుంది. అది అచ్చుతప్పు కాదు, ఏడాదికి 365 రోజులే తీసుకోవడం వల్ల వచ్చిన తేడా. ఈ రెండు విలువల మధ్య వ్యత్యాసం దాదాపు 650 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడి నుంచి ప్లూటో సగటు దూరం కన్నా అది ఎక్కువ. అయినా నిష్పత్తిగా చూస్తే వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. తేడా పెద్దదా చిన్నదా అన్నది కిలోమీటర్లను బట్టి కాక, మొత్తం దూరంలో అది ఎన్నో వంతు అన్నదాన్ని బట్టి నిర్ణయించాలని ఈ ఉదాహరణతోనే పిల్లలకు చెప్పాను.

ఖగోళ ప్రమాణం, అంటే భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం, ఒకప్పుడు కొలతలు మెరుగుపడినప్పుడల్లా కొద్దికొద్దిగా మారుతూ ఉండేది. 2012లో బీజింగులో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య మహాసభ దానిని 14,95,97,870.7 కిలోమీటర్లుగా స్థిరపరిచింది. కాంతి ఈ దూరాన్ని 499 సెకన్లలో, అంటే 8 నిమిషాల 19 సెకన్లలో దాటుతుంది. 9.4607 లక్షల కోట్లను 14.96 కోట్లతో భాగిస్తే కాంతి సంవత్సరానికి 63,241 ఖగోళ ప్రమాణాలని వస్తుంది. ఈ రెండు ప్రమాణాల వరకు పిల్లలకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇబ్బంది పార్సెక్ దగ్గరే వచ్చింది. నా అభిప్రాయంలో ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసిన ప్రమాణం కూడా అదే, ఎందుకంటే మిగిలినవన్నీ కొలిచిన తర్వాత చెప్పుకునే సంఖ్యలు కాగా ఇది కొలిచే పద్ధతి నుంచే పుట్టింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలలలో కక్ష్యకు ఒక పక్క నుంచి రెండవ పక్కకు చేరుతుంది. అప్పుడు దగ్గరి నక్షత్రం, దాని వెనక ఎంతో దూరాన ఉన్న నక్షత్రాల మధ్య, ఇసుమంత జరిగినట్లు కనిపిస్తుంది. ఆ జరుగుదలలో సగం కోణమే లంబనం. లంబనం ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు, ఉంటే ఆ నక్షత్రం ఒక పార్సెక్ దూరంలో ఉన్నట్లు లెక్క. అర ఆర్క్ సెకను ఉంటే రెండు పార్సెక్‌లు, పదో వంతు ఉంటే పది పార్సెక్‌లు. ఒకటిని లంబనంతో భాగిస్తే చాలు, దూరం వచ్చేస్తుంది.

అయితే ఒక పార్సెక్‌కు ఎన్ని ఖగోళ ప్రమాణాలన్నది పిల్లల చేతనే కట్టించాలని మేము పట్టుబట్టాము. వృత్తానికి 360 డిగ్రీలు, డిగ్రీకి 60 ఆర్క్ నిమిషాలు, నిమిషానికి 60 ఆర్క్ సెకన్లు; మొత్తం 12,96,000. ఒక ఆర్క్ సెకనుకు ఒక ఖగోళ ప్రమాణం చొప్పున చుట్టుకొలత అన్ని ఖగోళ ప్రమాణాలు ఉన్న వృత్తానికి వ్యాసార్ధం కావాలంటే రెండు పైలతో (2π, అంటే సుమారు 6.2832తో) భాగించాలి. అలా భాగిస్తే 2,06,265 వస్తుంది. అదే పార్సెక్‌లోని ఖగోళ ప్రమాణాల సంఖ్య. దానిని 63,241తో భాగిస్తే 3.2616 కాంతి సంవత్సరాలు, 14.96 కోట్లతో గుణిస్తే 30.86 లక్షల కోట్ల కిలోమీటర్లు. పుస్తకాలలో ఏ వివరణా లేకుండా కనబడే 3.26 అన్న అంకె ఎక్కడ నుంచి వచ్చిందో తమ చేతులతో కట్టి చూసుకున్న తర్వాత ఆ పిల్లలు దానిని బట్టీ పట్టవలసిన అవసరం కలగలేదు.

దూరాల నిష్పత్తి కళ్ళకు కట్టాలంటే తెలిసిన దారి ఒకటి కావాలి. మాకు రైలు దారి ఉంది. సూర్యుడు బ్రహ్మపురం స్టేషను ప్లాట్‌ఫారం మీద ఉన్నాడనుకుని, భూమిని అతని నుంచి ఒక మీటరు దూరంలో పెట్టాము. అంటే ఒక ఖగోళ ప్రమాణం ఒక మీటరు. ఈ కొలతలో నెప్ట్యూన్ 30 మీటర్ల దగ్గర ఉంటుంది. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 నౌక ఇన్నేళ్ళూ సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతూ కూడా సుమారు 170 మీటర్ల దగ్గరే, అదే ప్లాట్‌ఫారం మీదే ఉంది. ఒక కాంతి సంవత్సరం 63 కిలోమీటర్లు అవుతుంది. ఇచ్ఛాపురం, సోంపేట దాటి పలాస ఇంకా రాకముందే ముగుస్తుంది. ఒక పార్సెక్ 206 కిలోమీటర్లు, విజయనగరానికి కొంచెం ఇవతల. ప్రాక్సిమా 268 కిలోమీటర్ల దగ్గర, విశాఖపట్నం ఇంకా కొద్ది దూరం ఉందనగా వస్తుంది. సెలవులకు అమ్మమ్మగారి ఊళ్ళకు ఆ దారిలోనే పోయి వచ్చే పిల్లలు కనుక, ప్లాట్‌ఫారం కూడా దాటని నౌకకూ విశాఖ దగ్గరి నక్షత్రానికీ మధ్య ఉన్న ఖాళీ ఎంతో వారికి వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఇక పట్టికలో అంకెలు నింపడం. ఇక్కడే నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన సంగతి ఉంది. పదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి 25 ట్రిలియన్ మైళ్ళను 1.609344తో గుణించి 40.2336 లక్షల కోట్ల కిలోమీటర్లని రాసుకుని వచ్చింది. గుణకారంలో తప్పు లేదు. రాసి ఇచ్చాక తనే అడిగింది, ‘మాస్టారూ, ఈ చివరి అంకెలు నిజంగా ఎవరైనా కొలిచారా?’ అని. అంత మంచి ప్రశ్న ఆ పని మొత్తంలో ఇంకొకటి రాలేదు. ప్రాక్సిమా లంబనం 0.7681 ఆర్క్ సెకన్లు. దాని నుంచి నేరుగా లెక్కిస్తే 1.302 పార్సెక్‌లు, 4.246 కాంతి సంవత్సరాలు, 40.17 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఆ అమ్మాయికి వచ్చిన 40.23లో దశాంశ స్థానాలన్నీ మైళ్ళ గుణకం నుంచి వచ్చినవే గాని నక్షత్రం నుంచి వచ్చినవి కావు. 25 అన్నదే దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరించి చెప్పిన సంఖ్య అయినప్పుడు దానిని ఎంత ఖచ్చితమైన గుణకంతో గుణించినా రెండు అంకెలకు మించి నమ్మకం పెట్టుకోరాదు.

అందువల్ల ఒక పద్ధతి పాటించాము. కొలిచినది లంబనం గనుక ప్రతి నక్షత్రానికీ మొదటి గడిలో లంబనమే రాశాము. అక్కడ నుంచి పార్సెక్‌లు, కాంతి సంవత్సరాలు, కిలోమీటర్లు అన్నిటినీ విడివిడిగా ఆ మొదటి గడి నుంచే కట్టాము తప్ప ఒక గడిలో సవరించిన సంఖ్యను తీసుకుని పక్క గడిని నింపలేదు. సవరించడం ప్రతి గడిలోనూ చివరన ఒక్కసారే. మృగవ్యాధ రుద్రుడని పిలిచే సిరియస్‌కు ఇలా చేస్తే 0.379 ఆర్క్ సెకన్ల నుంచి 2.64 పార్సెక్‌లు, 8.6 కాంతి సంవత్సరాలు, 81.4 లక్షల కోట్ల కిలోమీటర్లు వచ్చాయి.

లంబనాన్ని మొదట కొలిచి నక్షత్ర దూరం చెప్పినది 1838లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెస్సెల్. 61 సిగ్ని అన్న నక్షత్రానికి ఆయనకు 0.314 ఆర్క్ సెకన్లు వచ్చింది, అంటే సుమారు 10.4 కాంతి సంవత్సరాలు. నేటి కొలత 0.286, అంటే 11.4 కాంతి సంవత్సరాలు. దుర్భిణి గొట్టం వెనక కన్ను పెట్టి చేసిన కొలత ఇంత దగ్గరగా రావడం చూసి మా ఒడియా మాస్టారు చాలాసేపు ఆ కాగితం వదలలేదు.

మన వారికి అరుంధతి లేకుండా నక్షత్రాల పట్టిక ఉండదు. పెళ్ళిలో పురోహితుడు చూపించే అరుంధతీ వశిష్ఠులలో వశిష్ఠుడి లంబనం 0.0394 ఆర్క్ సెకన్లు, అరుంధతిది 0.0399. దూరాలు 25.4, 25.1 పార్సెక్‌లు, కాంతి సంవత్సరాలలో సుమారు 83, 82. పాత పుస్తకాలలో వశిష్ఠుడికి 78 అని, అరుంధతికి 81 అని కనబడుతుంది. అప్పుడు వశిష్ఠుడే దగ్గర, ఇప్పుడు అరుంధతి దగ్గర. కొలతలో వెయ్యో వంతు ఆర్క్ సెకన్ల స్థాయిలో వచ్చిన చిన్న సవరణకే వరస మారిపోయింది. లంబనం చిన్నదైన కొద్దీ ఇలా జరుగుతుంది, ఎందుకంటే ఒకటిని చిన్న సంఖ్యతో భాగిస్తున్నప్పుడు ఆ చిన్న సంఖ్యలోని స్వల్ప దోషం దూరంలో పెద్దదై బయటపడుతుంది.

కృత్తికల విషయంలో ఇదే సంగతి శాస్త్రజ్ఞుల మధ్య చాలా ఏళ్ళు వివాదంగా నడిచింది. 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలతల ప్రకారం కృత్తికలు సుమారు 120 పార్సెక్‌లు, అంటే 391 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఇతర పద్ధతులేమో అంతకన్నా ఎక్కువ దూరం చెప్పాయి. 2013 డిసెంబరులో బయలుదేరిన గాయా ఉపగ్రహం కొలతలు సుమారు 136 పార్సెక్‌ల వైపు, అంటే 444 కాంతి సంవత్సరాల వైపు తీర్పు చెప్పాయి. మేము కృత్తికల గడిలో 444 అని రాసి, పాత పుస్తకంలో 390 దగ్గర కనబడితే అది ప్రమాణాల మార్పిడిలో దొర్లిన తప్పు కాదని, మారినది కొలత అని పక్కనే ఒక వాక్యం చేర్చాము. 3.26 అన్న గుణకం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

పట్టిక సగంలో ఉండగా మా పేటలోని సిద్ధాంతి గారు చూడడానికి వచ్చి, ‘యోజనాలలో కూడా ఒక గడి పెట్టండి మాస్టారూ, మన పెద్దలు చెప్పినది పిల్లలకు తెలియాలి కదా’ అన్నారు. ఆ మాట న్యాయమైనదే. కాని యోజనం ఎన్ని కిలోమీటర్లు? ఎనిమిది మైళ్ళు అని వాడుకలో ఉన్న లెక్కను తీసుకుంటే సూర్య సిద్ధాంతం అనే ప్రాచీన సంస్కృత ఖగోళ గ్రంథంలోని చంద్రుడు 6.6 లక్షల కిలోమీటర్ల దూరానికి పోతాడు. అసలు దూరం 3,84,400. కనుక గ్రంథం తన యోజనాన్ని తానే ఎలా చెబుతుందో చూడాలి. సూర్య సిద్ధాంతం భూమి వ్యాసం 1,600 యోజనాలంటుంది. నేటి 12,742 కిలోమీటర్లను దానితో భాగిస్తే యోజనం సుమారు 7.96 కిలోమీటర్లు. ఆర్యభటుడు అదే వ్యాసాన్ని 1,050 యోజనాలంటాడు. అతని యోజనం 12.1 కిలోమీటర్లకు పైమాటే. ఒకే పేరుతో రెండు కొలతలున్నప్పుడు ఎవరి యోజనమో అడగకుండా మార్చడం తగదని సిద్ధాంతి గారు కూడా ఒప్పుకున్నారు.

సూర్య సిద్ధాంతంలో చంద్రుడి కక్ష్య చుట్టుకొలత 3,24,000 యోజనాలు. పార్సెక్ కోసం చేసినట్లే రెండు పైలతో భాగిస్తే వ్యాసార్ధం 51,566 యోజనాలు, అంటే సుమారు 4.1 లక్షల కిలోమీటర్లు. నేటి కొలతకన్నా ఏడు శాతం మాత్రమే ఎక్కువ. అదే పద్ధతిలో 43,31,500 యోజనాల సూర్యుడి కక్ష్యను మారిస్తే దూరం 55 లక్షల కిలోమీటర్లు వస్తుంది. అసలు దూరంలో 27వ వంతు. ఒకే గ్రంథం, ఒకే యోజనం, ఒకే మార్పిడి. అయినా ఒకటి అంత దగ్గరగా, మరొకటి అంత దూరంగా రావడానికి కారణం వెతికాము. చంద్రుడు దగ్గరగా ఉండడం వల్ల అతని లంబనాన్ని, అంటే భూమి మీద వేర్వేరు చోట్ల నుంచి చూస్తే కనిపించే జరుగుదలను, కంటితో పట్టుకోవచ్చు. సూర్యుడి లంబనం కంటికి అందదు. అందుకని గ్రహాలన్నీ రోజుకు ఒకే సంఖ్య యోజనాలు నడుస్తాయని ఊహించి, తిరిగే కాలాన్ని బట్టి కక్ష్యలను నిర్ణయించారు. 43,31,500ను 3,24,000తో భాగిస్తే 13.37, సౌర వర్షాన్ని చంద్రుడి నాక్షత్ర మాసంతో (నక్షత్రాల మధ్య అతను ఒక చుట్టు తిరిగే కాలంతో) భాగించినా 13.37. ఆ రెండు భాగహారాలు ఒకే సంఖ్యకు వచ్చినప్పుడు సిద్ధాంతి గారి ముఖంలో కనిపించిన సంతోషం నాకు బాగా గుర్తుంది. పెద్దలు తప్పు చెప్పారని ఎక్కడ తేలుతుందోనని వచ్చినవారికి, వారు ఏది కొలిచారో ఏది ఊహించారో విడదీసి చూసే మార్గం దొరికింది.

ఆ సందర్భంలోనే ఒడియా మాస్టారు పఠాణి సామంత గురించి చెప్పారు. మా గంజాం జిల్లాకు పొరుగున ఉన్న నేటి నయాగఢ్ జిల్లా ఖండపడాలో 1835లో పుట్టిన ఆ మహానుభావుడు దుర్భిణి లేకుండా, వెదురుతోనూ కర్రతోనూ తానే చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచి, సిద్ధాంత దర్పణం అన్న సంస్కృత గ్రంథం రాశారు. అది 1899లో అచ్చయింది. ఆయన మానయంత్రం కోణాన్ని బట్టి ఎత్తులూ దూరాలూ చెప్పే పనిముట్టు. పిల్లల చేత రెండు కర్రలతో అటువంటిది ఒకటి చేయించి, పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకు ఎత్తు కొలిపించాము. కోణం నుంచి దూరానికి పోవడమే పార్సెక్ కూడా గనుక ఆ పని వృథా కాలేదు. యోజనాల గడిని చంద్రుడికీ సూర్యుడికీ మాత్రమే ఉంచి, అది సూర్య సిద్ధాంత యోజనమని పైన స్పష్టంగా రాశాము.

చివరి వరస ఆండ్రోమెడా గెలాక్సీది. మంచి చీకటి ఉన్న రాత్రి కంటికి పలచటి మరకలా కనబడే దీని లంబనం ఒక ఆర్క్ సెకనులో దాదాపు పది లక్షల వంతు మాత్రమే ఉంటుంది కనుక ఆ గడిని ఖాళీగా వదిలి, కొలత ఆధారం సెఫీడ్ నక్షత్రాలని (వెలుగు పెరిగి తరిగే కాలాన్ని బట్టి దూరం లెక్కకట్టగల నక్షత్రాలని) రాశాము. 1923లో ఎడ్విన్ హబుల్ అందులో సెఫీడ్ నక్షత్రాన్ని గుర్తించి దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలని లెక్కకట్టాడు. సెఫీడ్‌లు రెండు రకాలని తర్వాత తెలియడంతో ఆ దూరం రెట్టింపుకు పైగా పెరిగి, ఇప్పుడు 25 లక్షల కాంతి సంవత్సరాల దగ్గర నిలిచింది. అది 7.7 లక్షల పార్సెక్‌లు, 15,800 కోట్ల ఖగోళ ప్రమాణాలు. కిలోమీటర్ల గడిలో లక్షల కోట్లు కూడా చాలకపోవడంతో ఆ ఒక్క చోట 24 పక్కన 18 సున్నాలు పెట్టాము, అందులో మొదటి రెండు అంకెలే కొలతకు చెందినవని కింద గీత గీసి చూపించాము.